గుమ్మానికి పెట్టిన బొట్టు

చిన్న కథే. మీరు కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు అయిపోతుంది. ఈ ఏడు శ్రావణంలో మా వీధి ఛాయాదేవి కూతురు సింధూరికి ఓణీల ఫంక్షన్ చేసింది. మూడొందల మందికి ఇంట్లోనే భోజనాలు. ఫంక్షన్ బాగా జరిగింది. అంతే కథ.

కాకపోతే వాళ్ళెవరో మీకు తెలియాలి కదా. మా ఊరు హనుమాన్ జంక్షన్ నుంచి ఆటోలో పావుగంట. పదకొండు మంది ఎక్కితేగాని కదలని ఆటో అది. ఛాయాదేవి మొగుడు దుర్గాప్రసాద్ రోజూ బెజవాడ వెళ్ళి ఆటోనగర్లో లారీ స్పేర్ పార్ట్స్ కొట్టు నడుపుతాడు. కొట్లో ఏ బేరింగు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాడు గానీ, ఇంట్లో తన చొక్కా ఎక్కడుందో మాత్రం పెళ్ళాం చెప్పాలి. వాళ్ళ పక్కింట్లో బసవపున్నయ్య గారు. ఊళ్ళో ఏ ఫంక్షనైనా మొదటి బంతిలో తింటారు, మళ్ళీ ఆఖరి బంతిలోనూ కూర్చుంటారు. మొదటిది ఆకలికట, రెండోది మర్యాదకట.

ఇక రావమ్మ. మా వీధి చివరి ఇంట్లో ఒక్కతే ఉండేది. మొగుడు పెళ్ళైన మూడో ఏడు ఎటో వెళ్ళిపోయాడు. ఎక్కడో బతికే ఉన్నాడని ఆమె నమ్మకం. అందుకని నుదుటిమీద రూపాయి కాసంత బొట్టు ఏనాడూ మానలేదు.

తొంభై రెండులో ఛాయాదేవి వాళ్ళ గృహప్రవేశం అయింది. ఆ రోజు రావమ్మ ఆఖరి బంతిలో కూర్చుంది. ఆకులో అన్నం పెట్టించుకుని, మధ్యలో గుంట చేసి, పులుసు కోసం ఎదురుచూస్తోంది. గుమ్మడికాయ ముక్కల పులుసంటే ఆమెకి ప్రాణం. తీరా చూస్తే పులుసు అయిపోయింది. "వస్తోంది, వస్తోంది" అని పావుగంట కూర్చోబెట్టారు. రాలేదు. రావమ్మ ఆ గుంట అలాగే వదిలేసి, ఆకు మడిచి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు.

అనడానికి నేనున్నాను కదా. మర్నాటికల్లా 'పులుసులేని ఛాయాదేవి' అని పేరు పెట్టేశాను. సరదాకే పెట్టాను. అది ఆరేళ్ళు అతుక్కుపోయింది. సింధూరిని బళ్ళో పిల్లలు 'పులుసూ' అని పిలిచేవాళ్ళట. ఛాయాదేవి ఎవరింటికి వెళ్ళినా కానుక చేతిలో పెట్టి, తలనొప్పని చెప్పి వచ్చేసేది. ఈ ఆరేళ్ళలో ఆమె ఏ ఇంటి బంతిలోనూ కూర్చోవడం నేను చూడలేదు. రావమ్మ ఆ మరుసటి ఉగాదికి ముందే పోయింది. గుడివాడ నుంచి మేనల్లుడు వచ్చి, కర్మ చేసి, ఇంటికి తాళం వేసుకుని పోయాడు.

ఫంక్షన్ చేద్దామనుకున్న రోజున ఛాయాదేవి నన్ను పిలిపించి, పొడుగు లెక్కల పుస్తకం ముందు పెట్టింది.

"పిన్నీ, ఈసారి మా ఇంటినుంచి ఒక్క ప్రాణి కూడా ఆకలితో లేవకూడదు. ఒక్కరు లేచినా బెజవాడ మకాం మార్చేద్దామని మా ఆయనతో చెప్పేశాను. ఈ ఊరి మొహం చూడను."

"నీ పులుసుకి ఊరు వదలాలా అమ్మాయ్?"

"పేరు పెట్టింది మీరే కదా. మీరే దగ్గరుండి చూసుకోండి."

నా మొహం చూసే అంది. నేను పుస్తకంలోకి చూశాను.

ఏర్పాట్లు చూస్తే మాత్రం మెచ్చుకోవాలి. మూడొందల మందికి నాలుగొందల ఆకులు. జంక్షన్ నుంచి వంటవాళ్ళు. పులుసు ఒక్కటే రెండు గంగాళాలు. వాన వస్తే బంతి వేయడానికి వెనక వసారా ఖాళీ చేయించింది. కరెంటు పోతే జనరేటరు. దాన్ని ఆటోనగర్ నుంచి వ్యానులో వేసుకుని హబీబ్ వచ్చాడు. దుర్గాప్రసాద్ కొట్టు పక్కన అతనిది మెకానిక్ షెడ్డు. మా ఊరు రావడం అదే మొదలు. వడ్డనకి మనుషులు చాలకపోతే తానూ బకెట్టు పడతానన్నాడు.

పిలుపులకి ఛాయాదేవి, నేను కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరాం. ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, ఏ రోజో, ఏ వేళో చెప్పి రావాలి. ఇంటికి తాళం ఉంటే గుమ్మానికి బొట్టు పెట్టి వస్తాం. అలా పెడితే పిలిచినట్టే లెక్క. ఊరంతా తిరిగేసరికి ఆమెకి కాళ్ళు లాగాయి. మా వీధి చివరి నాలుగిళ్ళూ నాకు వదిలేసి వెళ్ళింది.

మూడిళ్ళు అయ్యాయి. నాలుగోది రావమ్మ ఇల్లు. తాళం తుప్పు పట్టి ఉంది. తలుపు సందులోంచి గబ్బిలాల కంపు. తిరిగి వచ్చేయాల్సిందే. కానీ ఎదురింటి అరుగుమీద ఇద్దరాడవాళ్ళు నన్నే చూస్తున్నారు. చూసేవాళ్ళుంటే నా నోరు ఊరుకోదు. గుమ్మానికి అటూ ఇటూ బొట్టు పెట్టి, గట్టిగా అన్నాను.

"రావమ్మగారూ, ఆదివారం మధ్యాహ్నం సింధూరి ఓణీల ఫంక్షన్. కిందటిసారి సరిగ్గా తినలేదు మీరు. ఈసారి పులుసు ఉంటుంది, తప్పకుండా రావాలి!"

అరుగుమీద వాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. తలుపు అవతల మాత్రం గబ్బిలాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

ఆదివారం పొద్దున్నే ముసురు పట్టింది. అయినా మూడు బంతులు నిక్షేపంగా లేచాయి. ఛాయాదేవి ప్రతి ఆకు దగ్గరా వంగి, "ఇంకొంచెం" అంటూనే ఉంది. బసవపున్నయ్య గారు మొదటి బంతిలోనే మూడుసార్లు పులుసు పోయించుకుని, "గెలిచావమ్మా" అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆమె మొహంలో ఆరేళ్ళ తరువాత నవ్వు చూశాను.

ఆఖరి బంతి పావుతక్కువ రెండుకి. అప్పటికి వాన జోరందుకుంది. షామియానా కారుతుంటే వెనక వసారాలో ఆకులు వేశారు. పదహారు ఆకులు, పదిహేను మందిమి. బసవపున్నయ్య గారు మర్యాద కోసం ఆ చివర కూర్చున్నారు. నేను ఈ చివర. నాకు ఎడమపక్కన ఒక ఆకు ఖాళీ. దాని అవతల గోడే.

అన్నం వడ్డించారు. కరెంటు పోయింది.

మబ్బుకి పట్టపగలే వసారా అంతా మసక కమ్మింది. పెంకుల మీద వాన తప్ప ఏమీ వినపడడం లేదు. జనరేటరు వైపు వెళ్ళబోతున్న హబీబ్ చేతిలో బకెట్టుతో మధ్యలోనే ఆగాడు.

"పెద్దమ్మగారూ, మిమ్మల్ని చూడలేదండీ. అన్నం పెట్టమంటారా?"

ఎవర్ని అంటున్నాడో అర్థం కాలేదు. అతను నా ఎడమపక్క ఆకులో అన్నం పెడుతున్నాడు.

అప్పుడు తగిలింది ఆ కంపు. గబ్బిలాలది. తడిసిన పాత సున్నానిది.

నేను తల తిప్పలేదు. కంటి కొసకి ఒక చెయ్యి కనపడింది. ముంజేతి దాకా సున్నం దుమ్ము. రెండు మట్టిగాజులు. ఆ వేళ్ళు అన్నాన్ని నెమ్మదిగా పక్కలకి తోసి, మధ్యలో గుంట చేశాయి.

చేసి... ఆగాయి.

"ఛాయా" అని పిలుద్దామనుకున్నాను. అంతలో ఆమే వచ్చింది, పులుసు బకెట్టుతో. నా ఆకులో ఒక గరిటె పోసి పక్క ఆకు వైపు వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది. గరిటె బకెట్టు అంచుకి టకటకా కొట్టుకుంటోంది.

"పిన్నీ..." చెవిలో గుసగుస. "ఈవిణ్ణి... మీరు పిలిచారా?"

"గుమ్మానికి బొట్టు పెట్టాను."

"రోజు చెప్పారా?"

"చెప్పాను."

 ఇంకెవరైనా బకెట్టు వదిలేసి పారిపోయేవాళ్ళు. ఛాయాదేవి చీర చెంగు నడుముకి దోపుకుంది.

"అయితే పిలిచిన మనిషే" అంది. "రావమ్మగారూ... పోయనా?"

పోసింది. ఆ చెయ్యి కలుపుకుని తింది. నమిలే చప్పుడు వానలో కూడా వినపడింది. మళ్ళీ గుంట. మళ్ళీ పోసింది. హబీబ్ అన్నం తెచ్చాడు. మళ్ళీ గుంట. బకెట్టు అయిపోయింది. ఇంకోటి తెచ్చారు. అదీ అయిపోయింది.

బంతిలో అందరూ తినేశారు. చివరి మనిషి తినేదాకా ఎవరూ లేవకూడదు కదా. ఎండిన చేతులతో కూర్చున్నారు. ఆ చివర మనిషి ఎవరి తరపు చుట్టమో వాళ్ళకి తెలీదు. వీళ్ళ తరపని వాళ్ళు, వాళ్ళ తరపని వీళ్ళు అనుకుంటున్నారు.

"ఎవరండీ అక్కడ?" బసవపున్నయ్య గారి గొంతు. "నన్ను మించిపోయారే!"

కొందరు నవ్వారు. పక్క ఆకులోని చెయ్యి ఆగలేదు.

వంటపాక నుంచి చప్పుడు వచ్చింది. గంగాళం అడుగు గరిటెతో గీకుతున్నారు. ఛాయాదేవి ఆఖరి గరిటె తెచ్చింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. పోసింది.

ఆ చెయ్యి తింది. మళ్ళీ అన్నంలో గుంట చేసి... ఆగింది.

"ఇంక లేదు పిన్నీ..." ఛాయాదేవి ఏడుస్తోంది. "ఇంక లేదు... మళ్ళీ ఆకలితో లేస్తుంది..."

అప్పుడు ఆ చెయ్యి నా వైపు తిరిగింది.

నా ఆకులో పులుసూ అన్నం ముట్టకుండా అలాగే ఉన్నాయి. నేను కదల్లేదు. చల్లటి గాజులు నా మోకాలికి రాసుకున్నాయి. ఆ వేళ్ళు నా ఆకులో అన్నం కలిపాయి. మెల్లగా. ముద్ద తరువాత ముద్ద. గుమ్మడికాయ ముక్కలు ఒక్కొక్కటీ ఏరుకుంటూ. నేను నా ఆకునే చూస్తూ కూర్చున్నాను. అది ఖాళీ అయ్యేదాకా.

"చాలు" అని వినపడింది.

శుభకార్యంలో తిన్న ఆకుని మనవైపుకి మడుస్తాం, ఇలాంటి భోజనం మళ్ళీ రావాలని. చావు భోజనంలో అవతలికి మడుస్తాం, మళ్ళీ రాకూడదని. రావమ్మ తన ఆకుని తన వైపుకి మడుచుకుంది.

తరువాత నా ఆకు అంచు పట్టుకుని, అవతలికి మడిచింది.

అప్పటికి హబీబ్ వెళ్ళి తిప్పాడేమో, జనరేటరు అందుకుంది. వసారాలో వెలుగొచ్చింది. నా పక్కన గోడే ఉంది. బంతి లేచింది. అందరూ చేతులు కడుక్కుని, తాంబూలాలు తీసుకుని, ఇంత బాగా ఎవరూ చేయలేదని చెప్పి వెళ్ళారు. 'పులుసులేని' అన్న మాట ఆ రోజుతో పోయింది. ఛాయాదేవి బెజవాడ మకాం ఊసెత్తలేదు. పోయిన వారం ఒక బారసాలలో అందరితోపాటు బంతిలో కూర్చుని భోంచేసింది.

గిన్నెలు తోమే వేళ నాతో ఒకే మాట అంది. "ఒక్కరు కూడా ఆకలితో లేవలేదు పిన్నీ."

నేను ఊఁ అన్నాను. ఆ రోజు ఆ ఇంట్లోంచి ఏమీ తినకుండా లేచింది నేనొక్కదాన్నే. ఆమె సంతోషం చూసి చెప్పబుద్ధి కాలేదు.

నిన్న మధ్యాహ్నం మా ఆయనకి మందులు కొనడానికి జంక్షన్ వెళ్ళి వచ్చేసరికి, మా వీధి మొదట్లో హబీబ్ వ్యాను ఎదురైంది. దుర్గాప్రసాద్ ఇంట్లో ఏదో సామాను దించి వెళ్తున్నాడు. నన్ను చూసి ఆపాడు.

"పిన్నిగారూ, మీ ఇంటికి చుట్టాలొచ్చారండీ. తాళం ఉంటే తిరిగి వెళ్ళిపోయారు."

"ఎవరు బాబూ?"

"ఆ రోజు ఫంక్షన్‌లో మీ పక్కన కూర్చున్నారు చూడండి, పెద్ద బొట్టు పెద్దమ్మగారు. ఆవిడేనండీ. మీ గుమ్మానికి బొట్టు పెడుతున్నారు. నేనే పలకరించాను."

నేను మందుల సంచీ చేతికి చుట్టుకున్నాను.

"మీకు చెప్పమన్నారండీ. ఆ రోజు పిన్నిగారు సరిగ్గా తినలేదు, ఈసారి పులుసు ఉంటుంది, తప్పకుండా రమ్మన్నారు."

"ఏ రోజు రమ్మంది?"

"అడిగానండీ. మీకు తెలుసన్నారు."

నాకు తెలీదు.