టైల్స్ సందుల్లో ఎరుపు

విశాఖలో స్టీల్‌ప్లాంటుకి పునాదులు పడుతున్న రోజులవి. సీతమ్మధారలో ఆ వీధి మొత్తానికి స్నానాలగదిలో తెల్ల టైల్స్ వేయించుకున్నది నూకరత్నం వాళ్ళొక్కరే. మరి ఆవిడకి ఆ మాత్రం గొప్ప ఉండదా! మొగుడు హార్బర్ డ్యూటీకి వెళ్ళగానే కొంగు దోపి బ్రష్షు పట్టుకుంది. మధ్యాహ్నం తగరపువలస నుంచి జోగమ్మ వస్తోంది. పోయిన మావగారికి అక్క ఆవిడ. ఊడ్చిన మూలని కూడా వంగి చూసే మనిషి.

టైల్స్ బాగానే ఉన్నాయి. వాటి సందుల్లో తెల్ల సిమెంటే పచ్చబడింది. ఎంత తోమినా వారం తిరక్కుండా మళ్ళీ అదే రంగు. కుళాయి నీళ్ళ తుప్పే అనుకుని ఇవాళ బట్టలసోడా కలిపి పోసింది. చూస్తూండగానే పచ్చగీతలన్నీ పారాణిలా ఎర్రగా తిరిగాయి!

"ఓలమ్మో! ఇది పసుపు!"

ఎన్ని పెళ్ళిళ్ళలో పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసిందో, ఆమాత్రం పోల్చుకోలేదూ? కానీ ఎవరిది? తను రాసుకునేది సబ్బు. ఇంట్లో ఇంకో ఆడమనిషి అత్త నారాయణమ్మే. మావగారు పోయిన నాడు ఆవిడ చేత పసుపు మాన్పించింది జోగమ్మే కదా!

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్త. మొహంలో నెత్తురు లేదు.

"మా వదినకి సెప్పకే రత్నం. నలుగురిలో పరువు తీసేత్తాది. ఎవులూ సూడకుండా రాసుకుని కడిగేసుకుంతన్నాను. ఆ వాసన లేకపోతే నా ఒళ్ళు నాది కానట్టుంటాదే."

రత్నం చెంబు అందుకుంది.

"నానేటీ సూడ్లేదత్తా" అంటూ గబగబా నీళ్ళు పోసింది. ఎరుపు పోతేనా! అంతలోనే వీధి తలుపు చప్పుడైంది. జోగమ్మ ముందు బస్సే పట్టేసింది. కాళ్ళు కడుక్కోడానికి సరాసరి అక్కడికే వచ్చి ఆగిపోయింది.

"ఏటే ఇది, పసుపు? ఎవులిది?"

"నాదే పెద్దమ్మా" అంది రత్నం.

"నీ మొకం! నువ్వు సబ్బు తప్ప ముట్టవని నీ మొగుడే సెప్పాడు."

"దాన్ననకు వదినా. నాదే" అని నారాయణమ్మ బావురుమంది. "ఏటంతావో నన్నను."

జోగమ్మ వంగి ఎర్రగీత మీద వేలు రాసి వాసన చూసింది. చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఆ వేలు ముక్కు దగ్గర్నుంచి ఎంతకీ తియ్యలేదు. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి.

"నారాయణమ్మా," అంది గొంతు తగ్గించి, "నాక్కూడా కొంచెం ఉందేటే?"

రత్నం బ్రష్షు పారేసి, పసుపు డబ్బా కోసం వంటింట్లోకి పరిగెత్తింది.