చెయ్యి ఎత్తకూడని మర్దన

ఆత్మకూరు బస్టాండు వెనక సందు చివర ఒక పెంకుటిల్లు ఉండేది. చీకటి పడితే ఆ దారిన ఎవరూ పోయేవాళ్లు కాదు.

సోమశిల డ్యాము ముంపులో ఊరు పోగొట్టుకున్న పెంచలమ్మ ఆ ఇంట్లోనే కాలం చేసింది. రాళ్ల పనిలో జారిపడి నడుము విరిగి, మూడు నెలలు మంచాన ఉందంట. ఎడమ పక్క నడుము గుంట పడిపోయిందంట. "ఒక్కసారి రుద్దండమ్మా..." అని కిటికీలోంచి మూలుగుతూ దారిన పోయేవాళ్లనల్లా బతిమాలింది. ఎవరూ గడప తొక్కలేదు. ఆమె పోయినాక కూడా కిటికీలోంచి ఆ మూలుగు ఆగలేదని చెప్పుకునేవాళ్లు.

మర్దన పని చేసే ఆడమనిషికి ఊళ్లో ఎవరూ ఇల్లివ్వక, దేవకమ్మ ఆ ఇంట్లోనే దిగింది. మద్రాసు హోటల్లో పదేళ్లు ఆడవాళ్లకు నూనె మర్దన చేసిన మనిషి. ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి ఉదయగిరి నుంచి కరుణశ్రీ వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఉలి పట్టి చెక్క గరిటెలు చెక్కిన పిల్ల.

"ఇవి చేతులా, ఆకురాళ్లా? మద్రాసోళ్ల తోలు వలిచేస్తావే," అనింది దేవకమ్మ.

"గరిటెలు నున్నగా చేసిన చేతులే గదక్కా."

రెండు నెలలు నేర్చింది. అన్నిటికన్నా గట్టి నియమం ఒకటే — మొదలుపెట్టినాక రెండు చేతులూ ఒకేసారి ఎత్తకూడదు. నూనె తీసుకునేటప్పుడు కూడా ఒక చెయ్యి ఒంటి మీదే ఉండాలి. లేకపోతే కళ్లు మూసుకున్న మనిషి బెదురుతుంది.

పగలంతా గిరాకీ. అందుకని పరీక్ష రాత్రికి పడింది.

"నెగ్గితే హోటలుకు ఉత్తరం రాసిస్తా, పొద్దున్నే మద్రాసు బస్సెక్కు. చెయ్యి ఎత్తినావా... పోయి గరిటెలు చెక్కుకో," అని దేవకమ్మ బల్ల మీద బోర్లా పడుకుంది.

భుజాలు అయినాయి. వీపు అయింది. పెంకుల మీద వాన దబదబా కొడుతోంది. ఉన్నట్టుండి పిడుగు... కరెంటు పోయింది.

కరుణశ్రీ ఉలిక్కిపడింది. రెండు చేతులూ లేచిపోయినాయి.

ఎంతసేపు అలా నిలబడిందో... తేరుకుని, చేతులు మళ్లీ ఆనించింది. దేవకమ్మ గమనించలేదేమో... ప్రభువా, గమనించలేదేమో... గబగబా రుద్దింది.

ఒళ్లు చల్లగా తగిలింది. వాన గాలికి అనుకుంది.

ఇందాక రాసిన నూనె వీపు మీద లేదు. తోలు పొడిగా, ఎండిన చెక్క మాదిరి...

ఒక చెయ్యి ఆనించే ఉంచి, రెండో చేత్తో నూనె తీసుకుంది. నడుము మీదికి వచ్చింది. కుడి పక్క బాగానే ఉంది. ఎడమ పక్క — వేళ్లు లోపలికి దిగిపోయినాయి.

గుంట.

రెండు నెలలుగా రోజూ రుద్దిన నడుము. దేవకమ్మకు అక్కడ గుంట లేదు.

"అక్కా..."

సన్నగా ఒక మూలుగు వచ్చింది... ఎన్నాళ్లకో నొప్పి తీరినట్టు.

అప్పుడు వీధి తలుపు దబదబా మోగింది. తలుపు కింద లాంతరు వెలుగు గీతలా కనబడింది. బయట దేవకమ్మ గొంతు —

"తలుపు బిగుసుకున్నింది, తియ్యవే కరుణా! కరెంటు పోంగానే రెండు చేతులూ ఎత్తినావు గదా. నీ పరీక్ష అప్పుడే అయిపోయింది. నేను లేచి చీర చుట్టుకుని లాంతరు కోసం ఎదురింటికి పోయినాను, వాన హోరులో నీకు వినబడలేదా?"

కరుణశ్రీ చేతులు లాక్కోబోయింది.

మణికట్టు మీద చల్లటి వేళ్లు పడినాయి.

"ఎత్తొద్దమ్మా... ఇంకా కాళ్లు మిగిలుండాయి."