అద్దం మీది దిక్సూచి

కార్ పార్కింగ్‌లో పైలట్‌ని చంపడానికి ఒక్క తూటా సరిపోయింది. సైలెన్సర్ ఉన్న పిస్టల్ కావడంతో చప్పుడు పావురాలకు తప్ప ఎవరికీ వినబడలేదు.

మర్నాడు చీఫ్ తన గదిలో బ్లైండ్స్ దించి ఏజెంట్ వైపు చూశాడు. చనిపోయిన పైలట్ ఏజెంట్‌కు సొంత అన్న.

"మన సీక్రెట్ కోడ్‌లన్నీ తయారుచేసింది ప్రొఫెసర్. వచ్చే నెల ఆయన్ని దక్షిణ తీరంలోని బేస్‌కి చేర్చాలి. మీ అన్న నడపాల్సిన జెట్ అది. ప్రొఫెసర్ శత్రువుల చేతికి చిక్కితే, బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళలో ఒక్కడూ మిగలడు. ఆ జెట్ నువ్వే నడపాలి."

"నాకొచ్చింది రెండు ప్రొపెల్లర్ల డొక్కు విమానం సార్."

"నేర్పిస్తారు. ట్రైనర్ మన డబుల్ ఏజెంటే. అయినా నువ్వెవరో ఆమెకి కూడా చెప్పలేదు. ఈ మీసం అతికించుకో. ఈ పెన్ను క్యాప్ తిప్పితే నిద్ర గ్యాస్ వస్తుంది. రేడియోలో 'గొడుగు మర్చిపోయాను' అంటే మన ఫైటర్లు లేస్తాయి."

అంత్యక్రియల్లో ఏజెంట్ ఏడవలేదు. "నీది గుండెనా, రాయా?" అంది వదిన. తనకూ అదే అనుమానం.

ట్రైనర్ ఎర్ర లిప్‌స్టిక్, పట్టు స్కార్ఫ్‌తో వచ్చింది. ఆమె నడిచి వెళ్తుంటే హ్యాంగర్‌లో మెకానిక్‌ల చేతుల్లోంచి పానాలు జారిపోయేవి. ఏజెంట్‌కు మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. జెట్టే అతన్ని ముప్పుతిప్పలు పెట్టింది. మనసింకా రన్‌వే మీద ఉండగానే విమానం మేఘాలు దాటిపోయేది. పవర్ అడిగితే ఇంజిన్ తీరిగ్గా ఆలోచించి ఇచ్చేది. ఆక్సిజన్ మాస్క్ డ్రిల్ మరీ ఘోరం. దొంగ మీసం అడ్డుపడి మాస్క్ మొహానికి అతుక్కునేది కాదు.

"ఆ మీసం తీసెయ్యరాదూ?" అనేది ట్రైనర్.

"మా ఆవిడ ఒప్పుకోదండీ."

అతనికి పెళ్ళే కాలేదు.

మరో జబ్బు కూడా ఉంది. నిగనిగలాడే స్క్రీన్‌లు ఎదురుగా ఉన్నా, కాక్‌పిట్ ముందు అద్దం మధ్యలో వేలాడే పాత దిక్సూచి వైపు చూసేవాడు. "దానికి కరెంటు అక్కర్లేదురా, అబద్ధం చెప్పడం రాదు" అని అన్న చిన్నప్పుడే నేర్పిన అలవాటు. చూసినప్పుడల్లా ట్రైనర్ స్కేలుతో వేళ్ళ మీద కొట్టేది.

ప్రయాణం రోజు మబ్బుల మీద ఎగురుతున్నారు. వెనక క్యాబిన్‌లో తలుపేసుకుని ప్రొఫెసర్ గురక పెడుతున్నాడు. ఏజెంట్ కళ్ళు అలవాటుగా పైకి లేచాయి.

ట్రైనర్ నవ్వింది. "మళ్ళీ అదేనా? మీ అన్నకీ ఇదే జబ్బు."

తనకో అన్న ఉన్నట్టు ఏజెంట్ ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

స్క్రీన్ దక్షిణం అంటోంది. దిక్సూచి తూర్పు అంటోంది. తూర్పున శత్రువుల సరిహద్దు.

"అన్న కూడా ఈ తేడా కనిపెట్టాడు, కదూ?"

స్కార్ఫ్ కిందినుంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. "ట్రయల్ ఫ్లైట్‌లోనే కనిపెట్టాడు. తెలివైనవాడు, పాపం. కదలకు. ఇంకో నిమిషంలో సరిహద్దు."

ఏజెంట్‌కు కోపం రావాలి. రాలేదు. భయమూ వెయ్యలేదు. అన్న పోయినప్పటినుంచి లోపల ఏదీ కదలడం లేదు, అందుకే చేతులూ వణకలేదు. జేబు దగ్గర పెన్ను క్యాప్ మెల్లిగా తిప్పి, ఊపిరి బిగబట్టాడు. రెండో చేత్తో మీసం పీకేశాడు. ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు ఊపిరి కావాలి, గ్యాస్‌తో పాటే పీల్చింది. ఆమె తన మాస్క్ అందుకోబోయేలోపే ఇతని మాస్క్ మొహానికి చక్కగా అతుక్కుంది. పిస్టల్ జారి కిందపడింది.

ఆటోపైలట్ పీకేసి, దిక్సూచిని చూస్తూ జెట్‌ని వెనక్కి తిప్పాడు. మబ్బులు విడిన చోట సరిహద్దు కంచె ఎడమ రెక్క కిందే సన్నటి గీతలా కనిపించింది. "గొడుగు మర్చిపోయాను" అన్నాడు రేడియోలో.

బేస్‌లో దిగాక వదినకు ఫోన్ చేశాడు. "అన్నని చంపినామె దొరికింది వదినా."

"అన్నం తిన్నావా?" అంది వదిన.

ఏడుపొస్తుందేమోనని చూశాడు. రాలేదు. కానీ ఫోన్ పట్టుకున్న చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

చీఫ్ నడుం పట్టుకుంటూ వచ్చాడు. "ప్రొఫెసర్‌ని తీసుకెళ్దామని రన్‌వే పక్కనే నిలబడ్డాను. అదేం ల్యాండింగయ్యా, భూమి అదిరి నేను కిందపడ్డాను!"

"ట్రైనింగ్ పూర్తికాలేదు సార్" అన్నాడు ఏజెంట్. "ట్రైనర్‌ని అరెస్ట్ చేశారుగా."