ఆరో తరగతి మెకానిక్

"పనా? ఏం చదివావు?" అంది నెస్టా, పడవ ఇంజిన్లోంచి తలెత్తకుండానే.

"ఎకనామిక్స్‌లో డిగ్రీ. ఫిజీ వెళ్లి, సువా యూనివర్సిటీలో."

"అయ్యో పాపం! ఎన్నాళ్లనించి ఉంది ఈ జబ్బు?"

సోలమన్ దీవుల్లోని మా హోనియారా రేవులో జాలర్లంతా పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. రెండేళ్లుగా అప్లికేషన్లు పెడుతున్నవాణ్ణి మరి. పైగా చదువుకున్నవాళ్లకే ఉద్యోగాలు ఎందుకు దొరకవో నలభై పేజీల ప్రాజెక్టు కూడా రాశాను.

"ఆఫీసు కుర్చీ కోసం కాచుక్కూర్చుంటే ఇంతే, ఎలిసన్!" అంది, నేను ఇంజిన్ పక్కన పెట్టిన డిగ్రీ కాగితం మీద పేరు ఓరగా చూసి.

"కుర్చీలు నాలుగు, డిగ్రీలు నాలుగొందలు. ఏం చెయ్యమంటావ్?"

అప్పుడు తలెత్తింది. ముక్కు మీద గ్రీజు మరక. నాకు తెలిసిన ఎకనామిక్స్ అంతా ఆ మరక దగ్గరే ఆగిపోయింది.

మర్నాటి నుంచి స్పానర్లు అందించాను. ఆర్నెల్లకి ఇంజిన్ మొత్తం విప్పి బిగించడం వచ్చేసింది.

అంతలో మత్స్యశాఖవాళ్లు మెకానిక్ కావాలని ప్రకటించారు. రాతపరీక్ష ఉంది. నెస్టాని రాయమన్నాను.

"నాన్న చెయ్యి విరిగినప్పుడు ఈ పని మీదేసుకుని ఆరో తరగతిలో బడి మానేసినదాన్ని. నాకు పరీక్షలేంటి?"

"ఇంజిన్‌కి భయపడవు, కాగితానికి భయమా?"

వానాకాలమంతా వాళ్ల రేకుల షెడ్డు కింద చదివాం. రేకుల మీద వాన హోరుకి ప్రశ్న వినపడడం లేదని దగ్గరికి జరిగేది. నేను కావాలనే మెల్లగా అడిగేవాణ్ణి.

నెస్టా నెగ్గింది! పోస్టింగు మాత్రం ఓడలో రెండు రోజుల దూరంలో ఉన్న దీవికి.

"డిగ్రీవాడి కంటే ముందే ఉద్యోగం కొట్టేశావు. వెళ్లు," అన్నాను నవ్వుతూ. చేతిలో స్పానర్ని మాత్రం తుడిచిందే తుడిచాను.

"నువ్వూ రా. అక్కడ పడవలు బోలెడు, రిపేరు షాపు ఒక్కటీ లేదట. నువ్వు పెట్టు."

"పెళ్లాం ఉద్యోగం వెనకాల వచ్చాడంటారు."

"పెళ్లామా? ఎప్పుడడిగావు నన్ను?"

నాలుక కరుచుకున్నాను. "ఇప్పుడడుగుతున్నా. చేసుకుంటావా?"

"ఇదడగడానికి ఇన్నాళ్లా! డిగ్రీలో ఇంకేం నేర్పారు నీకు?" అంది. కళ్లు మాత్రం తళతళలాడుతున్నాయి.

షెడ్డు వెనకనుంచి వాళ్ల నాన్న దగ్గాడు.

"ఆదివారం మీ పెద్దవాళ్లని కన్యాశుల్కానికి గవ్వల దండలు తీసుకుని రమ్మను, అబ్బాయ్. ఓడ మంగళవారమే!"