గుండెలో చిన్న చిల్లు

"నా గడ్డ ఇక్కడే ఉందట కదండీ?"

దుర్రా మైక్రోస్కోప్ మీంచి తలెత్తలేదు. "ఏం గడ్డ?"

"నా తలలోంచి తీసింది."

అప్పుడు తలెత్తింది. గుమ్మంలో ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. ఎండకు కమిలిన ముఖం, ఉప్పుగాలికి రంగు వెలిసిన జుట్టు, చేతిలో ఖర్జూరపాకుల బుట్ట. ఆ బుట్టలోంచి సముద్రపు వాసన గుప్పున వచ్చి మందుల వాసనతో కలబడింది.

"ఇది ల్యాబ్. బయటివాళ్లు రాకూడదు."

"నేను బయటివాణ్ని ఎలా అవుతానండీ? నాలో కొంత మీ అలమారాలోనే ఉందిగా!"

నవ్వు తన్నుకొచ్చింది. దుర్రా దాన్ని పంటి కింద అణిచిపెట్టింది.

సఫాక్స్ రేవు పట్నంలోని ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో ఆమె చేసే పరిశోధన అదే. చిన్న వయసులో పక్షవాతం వచ్చినవాళ్ల మెదడు నాళాల్లోంచి డాక్టర్లు బయటికి లాగిన రక్తం గడ్డలు ఆమె దగ్గరికి వస్తాయి. వాటిని పల్చటి పొరలుగా కోసి, రంగులద్ది, అవి ఒంట్లో ఎక్కడ పుట్టాయో ఆనవాళ్లు వెతుకుతుంది. కొన్నేళ్లుగా ఎన్నో గడ్డలు చూసింది గానీ, ఏ గడ్డ తాలూకు మనిషీ ఇంతవరకు మెట్లెక్కి రాలేదు.

"పేరు?"

"రమ్జీ. కెర్కెన్నా దీవి." బుట్ట బల్ల మీద పెట్టబోయాడు. ఆమె కళ్లు చూసి నేల మీద పెట్టాడు. "ఎండు ఆక్టోపస్. మా అమ్మ పంపింది. ఆ రోజు పడవలో లంగరు లాగుతుంటే కుడిచెయ్యి జారిపోయింది, నోరు వంకరపోయింది. మా అక్క నజ్లా నన్ను కారులో పడేసి రేవుకు తెచ్చింది. ఫెర్రీ కెప్టెన్ టైము కూడా చూడకుండా, సగం బళ్లు ఒడ్డునే వదిలేసి ఓడ కదిలించాడు. డాక్టర్ లమీన్‌గారు తొడలోంచి తీగ పంపి గడ్డ లాగేశారు. అందరికీ తలో ఆక్టోపస్ ఇచ్చుకుంటూ వస్తున్నా. కింద నర్సు చెప్పింది, పైన ఇంకొకావిడ ఉందని."

"నేను మీకేం చెయ్యలేదండీ."

"ఇంకా చెయ్యలేదు. అందుకే వచ్చా." అతని ముఖంలో చిలిపితనం తగ్గింది. "ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పట్లేదు. బీపీ లేదు, షుగర్ లేదు, సిగరెట్టు లేదు. కారణం తెలీదంటారు. కారణం తెలీకుండా నేను మళ్లీ నీళ్లలోకి ఎలా దిగను? నేను మునిగి తెచ్చేది…"

మాట ఆగిపోయింది. పెదాలు కదిలాయి గానీ ఏమీ రాలేదు. కనుబొమలు ముడిచాడు. గాలిలో వేళ్లు మూసి తెరిచాడు.

అతను చెప్పదలుచుకున్నది స్పాంజి అని దుర్రాకు తెలుసు. కెర్కెన్నా కుర్రాళ్లు సముద్రం అడుగుకు మునిగి తెచ్చేది అదే మరి. అయినా అందించలేదు. కుర్చీలో వెనక్కి వాలి, తొందరేమీ లేనట్టు చూస్తూ కూర్చుంది.

"…స్పాంజి," అన్నాడు చివరికి. చెమట తుడుచుకున్నాడు. ఆమె వంక వింతగా చూశాడు.

"కారణం తెలిసేదాకా నీళ్లలోకి దిగకండి," అందామె.

"అదేమిటండీ! చేపను నేల మీద ఉండమన్నట్టుంది!"

"చేపకు పక్షవాతం వస్తే దానికీ అదే చెబుతాను."

"సఫాక్స్ వాళ్లు మాటలు కూడా పిసినారితనంగా వాడతారని మా అమ్మ ఊరికే అనలేదు!" అని బుట్ట అక్కడే వదిలేసి చరచరా వెళ్లిపోయాడు. ఆ వాసన పోగొట్టడానికి కిటికీలన్నీ తెరవాల్సి వచ్చింది. ఆక్టోపస్ మాత్రం దుర్రా ఇంటికి తీసుకెళ్లింది.

మర్నాడు అతని గడ్డను మళ్లీ మైక్రోస్కోప్ కింద పెట్టింది. ఎర్రకణాలు దట్టంగా ఉన్నాయి. కాళ్ల సిరల్లో పుట్టే గడ్డలు చాలావరకు ఇలాగే ఉంటాయి. అది రుజువు కాదు, ఒక అనుమానం మాత్రమే. కానీ కాలి గడ్డ ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోవాలి కదా, మెదడుకెలా ఎక్కింది? దుర్రా ఫోన్ తీసింది.

"రమ్జీగారూ, ఆ జబ్బుకు ముందు కాలికేమైనా దెబ్బ తగిలిందా?"

"మోకాలు బెణికింది. పడవలోంచి జారి పడ్డా."

"మంచం మీద ఉన్నారా?"

"వారం పైనే. కదిలితే ప్రాణం పోయేది."

"ఈ ముక్క డాక్టర్లకెందుకు చెప్పలేదు?"

"తలకొచ్చిన జబ్బుకు మోకాలితో పనేంటి?" తర్వాత గొంతు తగ్గింది. "పైగా… పడింది పడవలోంచి కాదు."

"మరి?"

"మీరు నవ్వకూడదు."

"నేను సైంటిస్టుని. నవ్వను."

"మా చిన్నాన్న కూతురి పెళ్లిలో, తల మీద కుండ పెట్టుకుని డాన్స్ చేస్తూ పడ్డా. ఊరంతా చూశారు. పక్కూరికి మాత్రం పడవ అని చెప్పుకున్నా."

దుర్రా ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

"నవ్వుతున్నారు కదూ?"

"లేదు. కుండ పగిలిందా?"

"కుండ నిక్షేపంలా ఉంది!"

గుండె డాక్టరును ఒప్పించడం మాత్రం నవ్వులాట కాలేదు. "గుండె గదుల మధ్య గోడలో ఆ చిల్లు నలుగురిలో ఒకరికి ఉంటుందమ్మా," అన్నాడాయన. "పుట్టకముందు అందరికీ ఉండేదే. కొందరికి పూడదు, ఉన్నా ఏ బాధా పెట్టదు. ప్రతి చిల్లునూ దొంగ అనేస్తావా?"

"ప్రతి చిల్లూ కాదండీ. ఇతను వారం మంచం మీద ఉన్నాడు, లేచీ లేవగానే ఊపిరి బిగబట్టి లంగరు లాగాడు. గడ్డ చూస్తే కాలిదిలా ఉంది. ఒక్కసారి బుడగల పరీక్ష చేసి చూద్దాం."

ఆయన ఒప్పుకున్నాడు.

చీకటి గదిలో రమ్జీ పడుకున్నాడు. చేతి సిరలోకి సన్నటి బుడగలు కలిపిన ఉప్పునీరు ఎక్కించారు. తెర మీద అతని గుండె ఆడుతోంది. కుడివైపు గది నిండా తెల్లటి చుక్కలు నిండాయి. ఎడమవైపు నల్లగా, ఖాళీగా ఉంది.

"ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కు," అన్నాడు డాక్టరు. "లంగరు లాగుతున్నట్టు… ఇప్పుడు వదులు."

గోడ మధ్య చిన్న తెర పక్కకు తొలిగినట్టయింది. చుక్కలు ఒకటొకటిగా ఎడమవైపుకు జారాయి.

డాక్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఉందమ్మా. మంచి దారే ఉంది."

"ఏమిటి ఉంది?" అన్నాడు రమ్జీ పడుకునే.

"మీ గుండెలో చిల్లు," అంది దుర్రా.

"అది పోయినసారి మూడో అంతస్తుకు వచ్చినప్పుడే పడింది," అన్నాడతను. డాక్టరు దగ్గాడు. చీకటి గది కాబట్టి దుర్రా ముఖం ఎర్రబడటం ఎవరికీ కనబడలేదు.

గొడుగులాంటి చిన్న బిళ్లను సన్నటి గొట్టంతో పంపి ఆ దారి మూసేశారు. కొన్నాళ్లు మందులు, ఆ తర్వాత మళ్లీ పరీక్ష, అప్పుడే సముద్రం అన్నారు. ఈసారి రమ్జీ ఎదురు చెప్పలేదు. కానీ పరీక్షలున్నా లేకపోయినా సఫాక్స్ వస్తూనే ఉన్నాడు. ఒకసారి మఖ్రూద్ మిఠాయి, ఒకసారి అంజీరలు, ఒకసారి ఉత్త చేతులు. ల్యాబ్‌లోకి రానివ్వరు కాబట్టి మెట్ల మీద కూర్చుని, ఆమె కాఫీకి బయటికొచ్చినప్పుడు దీవి కబుర్లు చెప్పేవాడు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ తెలియదు.

ఒక సాయంత్రం ఆమె ఇంటికి వెళ్తుంటే రేవు దాకా తోడు నడిచాడు. హఠాత్తుగా వాన కురిసింది. టికెట్ల గది చూరు కింద ఇద్దరూ నిలబడ్డారు. చూరు ఇరుకు, వాన పెద్దది.

"దుర్రా, నేను నిన్ను…"

మాట ఆగింది. వేళ్లు గాలిలో వెతికాయి. ఆమెకు తెలుసు ఏం రాబోతోందో. ఎప్పటిలాగే ఆగింది. ఈసారి అలా ఆగి ఉండటం చాలా కష్టమైంది.

"…ప్రేమిస్తున్నా," అన్నాడు.

ఆమె వాన వంక చూసింది. "అది ప్రేమ కాదు రమ్జీ. కృతజ్ఞత. చావు దాకా వెళ్లొచ్చిన వాళ్లందరికీ కలుగుతుంది. కొన్నాళ్లకు తగ్గిపోతుంది."

"కృతజ్ఞత అంటే నాకు తెలీదా? డాక్టర్ లమీన్‌గారికి కృతజ్ఞతే. ఆయన మీసాలు చూడ్డానికి నేను ఫెర్రీ ఎక్కి రావట్లేదే! కెప్టెన్‌గారికీ కృతజ్ఞతే. ఆయన్ని తలుచుకుని అన్నం మానేశానా?"

"నవ్వించకు. నేను నిజంగా చెబుతున్నా."

"నేనూ నిజమే చెబుతున్నా. నాకు మాట తట్టకపోతే అమ్మ అందిస్తుంది, అక్క అందిస్తుంది, కాఫీ కొట్టువాడు కూడా అందిస్తాడు. పాపం, ప్రేమతోనే. కానీ వాళ్ల మాటలే నా నోట్లో పెడతారు. నువ్వొక్కదానివే ఆగావు. మొదటి రోజే. నా గడ్డ గురించి నీకింకా ఏమీ తెలీనప్పుడే."

"కొన్నాళ్లు రాకు," అంది దుర్రా మెల్లగా. "రోగం, ఆసుపత్రి, నేను… అన్నీ మర్చిపోయేంత మామూలుగా బతుకు. అప్పటికీ అనిపిస్తే చూద్దాం."

ఫెర్రీ కూత పెట్టింది. అతను తలూపి, వానలో తడుస్తూ వెళ్లి ఓడ ఎక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఆమె మాట అక్కడే మారిపోయేది.

అతను నిజంగానే రాలేదు. దుర్రా గడ్డలు కోసింది, రంగులద్దింది. కాఫీకి బయటికొచ్చి ఖాళీ మెట్లు చూసి, కాఫీ తాగకుండానే లోపలికెళ్లింది. చలికాలం గడిచింది. ఒకరోజు గుండె డాక్టరు ఎదురుపడి, "నీ డాన్సరుకు పరీక్షలన్నీ బాగున్నాయమ్మా. నీళ్లలోకి దిగమన్నాను," అన్నాడు.

"ఇక్కడికి వచ్చాడా?"

"పొద్దున వచ్చి వెళ్లాడు. నువ్వు రావద్దన్నావట, పైకి ఎక్కలేదు."

మనసులో ఎన్నాళ్లుగానో కట్టి ఉంచిన తాడేదో తెగింది. అతనికి కలిగింది కృతజ్ఞతో ప్రేమో తేల్చడానికి అన్నాళ్లు గడువు పెట్టింది కదా, మరి తనకు కలిగిందేమిటి? తనకేమీ అతను ప్రాణం పొయ్యలేదే! ఆ ఆదివారం ఆమె ఫెర్రీ ఎక్కింది.

కెర్కెన్నా ఒడ్డున పడవల దగ్గర దొరికాడు. ఒళ్లంతా నీళ్లోడుతూ, చంకలో నల్లటి స్పాంజితో ఒడ్డుకు వస్తున్నాడు. ఆమెను చూసి మోకాలిలోతు నీళ్లలోనే ఆగిపోయాడు.

"నువ్వు రమ్మనలేదు కదా, నేనే వచ్చా," అందామె. "ఇన్నేళ్లూ మనుషుల ముక్కలే చూశాను రమ్జీ. మెట్లెక్కి వచ్చిన మొదటి మనిషివి నువ్వే. నువ్వు రాకపోతే ఆ మెట్లు బోసిపోతున్నాయి. నాకు…"

మాట కుదరలేదు. రమ్జీ నోరు మెదపలేదు. అలలు కాళ్లకు తగులుతున్నా కదలకుండా నిలబడ్డాడు.

"…నువ్వు కావాలి," అంది.

అతను స్పాంజిని నీళ్లలో జారవిడిచేశాడు. తర్వాత దానికోసం ఇద్దరూ కలిసి చాలాసేపు వెతకాల్సి వచ్చింది.

సంబంధం మాట్లాడటానికి రమ్జీ తల్లి మబ్రూకా, అక్క నజ్లా మంచి బట్టలు కట్టుకుని, అతన్ని వెంటబెట్టుకుని సఫాక్స్ వచ్చారు. దుర్రాకు తల్లీ తండ్రీ లేరు, పెంచింది పెద్దమ్మ జోహ్రా. ఆవిడకు చాలా ఏళ్ల కింద పక్షవాతం వచ్చింది. అప్పట్లో తీగలేసి గడ్డలు లాగడాలు ఎక్కడ? కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. దుర్రా ఈ చదువు పట్టుకున్నది కూడా ఆవిడ కోసమే.

మబ్రూకా గొంతు సవరించుకుంది. "వదినగారూ, మా వాడికి మీ అమ్మాయినిస్తారా?"

పెద్దమ్మ అబ్బాయిని పైనుంచి కిందికి చూసింది.

"లేదు," అంది.

మబ్రూకా ముఖం మాడిపోయింది. "సరేనమ్మా, దీవివాళ్లం మీకు తగమేమో," అని చెప్పుల కోసం లేచింది.

దుర్రా వంటింటి గుమ్మంలోంచి కంగారుగా పరుగెత్తుకొచ్చింది. కానీ అంతలోనే రమ్జీ పెద్దమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు. ఆవిడ బాగున్న చేతిని పట్టుకుని, ఆ ముఖం వంక చూస్తూ ఊరుకున్నాడు. ఎవరో మాట్లాడబోతే వద్దన్నట్టు చెయ్యి చూపాడు.

పెద్దమ్మ కళ్లు నిండాయి. "లేదు," అంది మళ్లీ. "లేదు, లేదు, లేదు!" అంటూ అతని చెంప నిమిరింది, తల వంచి నుదుటి మీద ముద్దు పెట్టింది.

"కూర్చో అమ్మా," అన్నాడు రమ్జీ. "ఆవిడకు మిగిలింది ఆ ఒక్క మాటేనే. కాదనడానికీ ఔననడానికీ దాన్నే వాడుకోవాలి. ఆవిడ ఔనంటోంది."

మబ్రూకా చెప్పులు అక్కడే వదిలేసి, ఏడుస్తూ నవ్వుతూ వచ్చి పెద్దమ్మను కౌగిలించుకుంది. "నా తల్లే! నా బంగారు వదినే! అయితే ఎండాకాలంలో చేసేద్దామా?"

"లేదు!" అంది పెద్దమ్మ, పండగ వచ్చినంత సంబరంగా.

నజ్లా నాలుక ఆడిస్తూ జగ్రూదలు, ఆ పెళ్లి సంబరపు కూతలు, మొదలెట్టింది. కిటికీ అవతల పొరుగింటివాళ్లు కూడా అందుకున్నారు.

దుర్రా కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి వెలిగించకుండా ఒక నిమిషం గోడకానుకుని నిలబడింది. అవతలి గదిలో పెద్దమ్మ నవ్వు వినిపిస్తోంది. అంత గట్టిగా ఆవిడ నవ్వగా విని ఎన్నేళ్లయిందో. "అల్‌హమ్దులిల్లాహ్," అనుకుంది, కళ్లు తుడుచుకుంది. తర్వాత కాఫీలో చక్కెర మామూలు కంటే రెట్టింపు వేసి, కలపడం మొదలుపెట్టింది.