ఎర్రచుక్క గుహ

సెలవు పెట్టి వెళ్ళిన మనిషిని తెల్లవారకముందే లేపే హక్కు ఎవరికీ ఉండకూడదు. ఇంట్లో అయితే పాలప్యాకెట్ కోసం లేస్తాం, దానికో అర్థం ఉంది. అండమాన్‌లో మేం ఎక్కిన చిన్న ఓడవాళ్ళు పక్షుల కోసం గంట కొట్టి లేపారు. మేం లేచాం. పక్షులు లేవలేదు.

డెక్ మీద ముందువరస కుర్చీలన్నిటి మీదా మా ఆవిడ హైమవతి అప్పటికే చేతిరుమాళ్ళు వేసేసింది. వాటిలో కూర్చుని భోజనాల వేళ దాకా సముద్రాన్ని చూశాం. డాల్ఫిన్లు రాలేదు. తాబేళ్ళు రాలేదు. ఒక కాకి వచ్చి, మమ్మల్ని చూసి, వెళ్ళిపోయింది.

ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. కాకినాడలో మా కింది ఫ్లాటు తులశమ్మగారు గిర్ అడవిలో సింహాన్ని చూసొచ్చారు. అప్పట్నించి ఏ పేరంటంలోనైనా తాంబూలం అందుకుంటూనే, "సింహం ఎంత దగ్గరుందనుకున్నారూ..." అని మొదలుపెడతారు. విని విని హైమ, "నేను సముద్రపు ఆవుని చూసొస్తాను, చూడండి" అని అందరి ముందూ అనేసింది. ఓడవాళ్ళ ప్రకటనలో, సముద్రం అడుగున గడ్డి మేసే ఆ బూడిదరంగు జంతువు బొమ్మ ఉంది మరి. ఆ సాయంత్రంతో మా ప్యాకేజీ అయిపోతోంది. ఉత్తచేతులతో అపార్ట్‌మెంట్ మెట్లెక్కడం హైమకి చచ్చినంత పని.

భోజనం మధ్యలో మా బావమరిది కామేశం, "బావా!" అని గుసగుసగా అరిచాడు. ఈ టూరు కుదిర్చింది వాడే కాబట్టి పొద్దుట్నించీ అక్క కంటపడకుండా తిరుగుతున్నాడు. వాడి చేతిలో మేం దిగబోయే దీవి మ్యాపు. కొండ దగ్గర గుహ బొమ్మ. దానిమీద ఒక ఎర్రచుక్క.

"మిగతావాళ్ళ మ్యాపులన్నీ చూశాను. ఈ చుక్క మనకొక్కళ్ళకే ఉంది!"

"అయితే?"

"అయితే ఏవిటి బావా! నిధి! పాతకాలం ఓడదొంగలు..."

"నిధి సంగతి నాకెందుకురా? అక్కడ జంతువుంటుందా?" అంది హైమ.

"నిధి ఉన్నచోట పామైనా ఉంటుందక్కా."

హైమ లేచి చెప్పులు వేసుకుంది.

మమ్మల్ని చిన్న పడవలో ఒడ్డుకి చేర్చినవాడు అప్పలస్వామి. తాతల నాడే శ్రీకాకుళం నించి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. "ఆ గుహకి ఎవులూ ఎల్లరు బాబూ. పోటు మొదలైతే దారి మూసుకుపోద్ది. నా ఈల ఇనబడితే బేగొచ్చీండి" అన్నాడు.

అడవి మమ్మల్ని మింగేసింది. మాను మొదళ్ళు గోడల్లా లేచాయి. తీగలు కాళ్ళకి చుట్టుకున్నాయి. "నా వెనకే రండి!" అని గర్జిస్తూ కామేశం కర్రతో దారి చేశాడు. ఒక జలగ కనిపించగానే నాయకత్వం నాకు అప్పగించాడు. నా నెత్తిమీద హైమ బుట్ట. అందులో పులిహోర, ఆవకాయ సీసా, గొడుగు, స్వెట్టరు. అండమాన్‌లో స్వెట్టరెందుకని నేను అడగలేదు. కాపురం చేస్తున్నవాణ్ణి.

గుహ నోరు నల్లగా తెరుచుకుని ఉంది. వంగి దూరాం. పైకప్పు నించి సున్నపురాళ్ళు కత్తుల్లా వేలాడుతున్నాయి. వాటి సందుల్లో వందలాది చిన్న పక్షులు కిటకిటమంటున్నాయి.

"ఇక్కడే! తవ్వు బావా!"

ఇసకలో తవ్వాం. ఆల్చిప్పలు వచ్చాయి. ఇంకా తవ్వాం. ఇంకా ఆల్చిప్పలు. హైమ మ్యాపు అందుకుని టార్చి వేసి చూసింది. ఎర్రచుక్కని గోటితో గీకింది. వాసన చూసింది. నాలిక్కి రాసుకుంది.

"కామేశం."

"అక్కా?"

"ఇది మన ఆవకాయరా. సీసా కారుతోందని ఈ కాగితం చుట్టింది నువ్వే కదరా!"

కామేశం మ్యాపు లాక్కుని తనూ నాకి చూశాడు. అంతలో ఎక్కడో దూరంగా ఈల వినబడింది. మా పాదాలు చల్లబడ్డాయి.

"నీళ్ళు! బావా, నీళ్ళు!"

వచ్చిన దారి అప్పటికే సగం మునిగింది. అల వచ్చి మోకాళ్ళని కొట్టింది. ఇంకో అల నడుం దాకా ఎక్కింది. కామేశం ఏడుపు మొదలెట్టాడు.

"ఏడుపు తర్వాత! అదిగో, పైన వెలుతురు! ఎక్కండి!" హైమ కొంగు బిగించి రాతి మీదకి పాకింది. వాణ్ణి జుట్టు పట్టుకుని లాగింది. నేను బుట్ట అందించి, జారి, మునిగి, మళ్ళీ లేచి ఎలాగో ఎక్కాను. గుహ అవతలివైపు బయటపడ్డాం. కింద బుల్లి అఖాతం. పలచటి పచ్చనీళ్ళు. నా కళ్ళద్దాల నిండా ఉప్పునీళ్ళు.

"కదలకండి" అంది హైమ.

కింద నీళ్ళు 'ఫుస్'మన్నాయి. కామేశం ఫోను ఎత్తాడు. నేను తడిబనీనుతో అద్దాలు తుడుచుకుని, ముందు పక్కనున్న హైమని చూశాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్ళు నిండిపోయాయి.

"తల్లీబిడ్డా అండీ" అంది, గాలికి కూడా వినబడనంత మెల్లగా.

నేను కిందకి తిరిగేసరికి తడి పరుపులాంటి బూడిదరంగు ఏదో పచ్చనీళ్ళలో కరిగిపోయింది.

కాసేపటికి పడవ చుట్టుతిప్పి అప్పలస్వామి వచ్చాడు. "మునిగిపోనారనుకున్నాను! ఏటమ్మా, నవ్వతన్నారు?"

హైమ చెప్పింది. అతను తెడ్డు ఆపేశాడు. "పిల్లతోటా? నాకే అగుపడి సానా కాలమైందమ్మా. అంటే ఇంకా ఉన్నాయన్నమాట!" అని ఆ నీళ్ళకేసి దణ్ణం పెట్టాడు.

ఓడెక్కాక కామేశం వీడియో చూశాం. కెమెరా వాడివైపే తిరిగి ఉంది. మొదట్నించి చివరిదాకా, నోరు తెరుచుకున్న కామేశం.

ఇప్పుడు తులశమ్మగారు ఆదివారం టీకి వస్తున్నారు. హైమ ఇప్పటికే, "మావారూ చూశారు, ఆయన్నే అడగండి" అని చెప్పేసింది. చూశానంటే పిల్ల మొహం ఎలా ఉందని ఆవిడ అడుగుతారు. చూడలేదంటే మా ఆవిడ మొహం ఎలా ఉంటుందో నేను చూడాలి. నిజానికి ఆ రోజు నేను స్పష్టంగా చూసింది ఒక్కటే, ఆ తల్లీబిడ్డల్ని చూస్తున్న హైమని. చదివినవాళ్ళు మీరే న్యాయం చెప్పాలి. అయ్యా, అమ్మా, అది సాక్ష్యం కింద చెల్లుతుందా? దయచేసి ఆదివారంలోగా చెప్పండి.