బోణీ కాకముందు

కింద దుకాణం షట్టర్ పైకి లేచిన చప్పుడు వినిపించాకే వత్సల కొడుకును స్నానానికి లేపుతుంది. ఆ ఇంట్లో ఏ రోజైనా పొద్దు మొదలయ్యేది అలాగే. మహారాష్ట్రలోని నాందేడ్‌లో, వజీరాబాద్ పేటలో రామచందర్‌ది స్టీలు గిన్నెల దుకాణం, దాని మీదే ఇల్లు. కొడుకు మయూర్‌కు ఇరవై దాటాయి. పుట్టేటప్పుడే మెదడుకు దెబ్బ తగిలింది. కాళ్ళు పనిచేయవు, చేతులు చెప్పిన మాట వినవు, ఒక్క మాట బయటికి రావాలన్నా గొంతుతో చాలాసేపు పెనుగులాడాలి. బుర్ర మాత్రం మహా చురుకు. టీవీలో క్రికెట్ చూస్తూ, అంపైర్ వేలెత్తకముందే ఔటని తలూపేస్తాడు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పొద్దున పూట పనుల తొందరలో మాత్రం ఎవరికీ గుర్తుండదు.

వత్సల అతని చంకల కింద చేతులు పెట్టి, నడుము వంచి, ఒక్క ఊపున లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టింది. నడుము కలుక్కుమంది. రోజూ కలుక్కుమనేదే కాబట్టి ఆమె ఆగలేదు.

"అమ్మా, గట్ల లేపకు. మోకాళ్ళు వంచాలె, నడుము గాదు," అంది గుమ్మంలో నిలబడ్డ సాయలి.

సాయలి ఆమె కూతురు. జర్మనీ నుంచి సెలవు మీద వచ్చింది. వచ్చినప్పటి నుంచీ ఇలాంటి సలహాలు పూటకొకటి ఇస్తోంది. కొత్తగా బండి నేర్చుకున్నవాళ్ళు పక్క సీట్లో కూర్చుని బ్రేకులు తొక్కినట్టుంది వత్సలకు.

"నువ్వు బడికి పోయేటప్పటిసంది లేపుతున్న వీణ్ని. అరిగేది అరిగింది, ఇంక మోకాళ్ళెందుకు," అని కుర్చీని స్నానాల గదిలోకి తోసుకుపోయింది.

డిగ్రీ అయ్యాక సాయలి జర్మన్ నేర్చుకుని, ఒక చిన్న ఊళ్ళో వికలాంగులు ఉండే ఇంట్లో ఏడాది పాటు సేవ చేయడానికి వెళ్ళింది. ఆ ఇంటి కింది అంతస్తులో నడవలేనివాళ్ళు, మాట్లాడలేనివాళ్ళు ఉంటారు. పైన సాయలి లాంటి వాలంటీర్లు ఉంటారు. కొలంబియా పిల్ల ఒకతె, కేరళ అమ్మాయి ఒకతె, జార్జియా నుంచి వచ్చిన కుర్రవాళ్ళిద్దరు, అందరికీ కలిపి ఒకటే వంటిల్లు. జీతం లేదు, చేతిఖర్చు ఇస్తారు. పొద్దున లేచి కిందివాళ్ళకు పళ్ళు తోమడం, స్నానాలు చేయించడం, తినిపించడం, బట్టలు మార్చడం వాళ్ళ పని. సాయంత్రాలు అలిసిపోయి, ఒకరి వంటకు ఒకరు వంకలు పెట్టుకుంటూ తింటారు. వీడియో కాల్‌లో ఆ గుంపును చూసినప్పుడల్లా, ఆడా మగా ఒకే ఇంట్లో ఏమిటని వత్సలకు గుండె గుబేలుమనేది. చుట్టాలకు మాత్రం మా పిల్ల పెద్ద దవాఖానలో నౌకరీ చేస్తోందని చెప్పింది.

ఆమెకు ఒకటే ఆశ. ఏడాది అయిపోతుంది, పిల్ల పని నేర్చుకుని ఇంటికొస్తుంది, తమ్ముడి భారం సగం అందుకుంటుంది. ఈ ఆశ ఆమె ఎవరికీ చెప్పలేదు, తన నడుముకు తప్ప.

సాయలి కడుపులో ఇంకో మాట ఉంది. అదే ఊళ్ళో అదే పనిలో మూడేళ్ళ చదువుకు సీటు వచ్చింది, వచ్చే వారమే తిరుగు ప్రయాణం. తండ్రికి చెప్పింది. రామచందర్ చాలాసేపు మెడ గోక్కుని, మీ అమ్మకు చెప్పు అన్నాడు. ఆయన పెద్ద మాటలన్నీ అలాగే భార్య వైపు జరిపేస్తాడు, గల్లా మీద కూర్చుని, పిల్లలు ఏది అడిగినా అమ్మనడగమన్నట్టు.

ఆ మధ్యాహ్నం ఇస్లాపూర్ నుంచి ఆయన అక్క అనుసూయాబాయి సంబంధం పట్టుకుని దిగింది. అబ్బాయిది భోకర్‌లో బట్టల దుకాణమట, అమ్మాయి దవాఖాన నౌకరీ చేస్తుందంటే ఎగిరి గంతేశారట. సాయలి చాయ్ గ్లాసులు పెడుతూ, తనది దవాఖాన నౌకరీ కాదని, తాను చేసేదేమిటో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ ఊపులోనే మూడేళ్ళ చదువు మాటా చెప్పేసింది. అనుసూయాబాయి గ్లాసు కింద పెట్టి, "అగ బాయి, మందిని కడగనీకి విమానమెక్కి పోయినవా," అంది. తర్వాత వత్సల వైపు తిరిగి, తనతో వాళ్ళకు అబద్ధం ఎందుకు చెప్పించావన్నట్టు చూసింది. చాయ్ సగం వదిలేసి, సాయంత్రం బస్సు దొరకదంటూ లేచింది.

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగిందో లేదో, వత్సల వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది. సాయలి వెనక నిలబడి, చెబుదామనే అనుకున్నాను, ధైర్యం చాలలేదు అంది. వత్సల తిరగలేదు.

"ఆడ ఎవ్వలికో పుట్టినోల్లను కడుగుతవు. ఈడ నీ అమ్మ కడుపుల పుట్టినోడు ఉన్నడు. వీడు నీకు కనవడడా?"

"కనవడ్తడు. ఆడ ఎవ్వలిని లేపినా వీడే యాదికొస్తడు."

"నువ్వు యాది చేసుకుంటె వీని బట్టలు మారుతయా?"

సాయలి గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "ఆడ నేను గూడ అలిసిపోతనే. కానీ నా వంతు పాళీ అయిపోతది, ఇంకొకలొస్తరు. నేను మీదికి పోయి ఇంత తిని పండుకుంట. నీకు పాళీ మార్చెటోల్లే లేరు. ఈ ముచ్చట నాకు ఆడికి పోయినంకనే సమజైంది."

"సమజై ఏం జేసినవ్? ఇంక మూడేండ్లు రాను అంటున్నవ్." వత్సల చేతిలోని గిన్నె వదిలేసింది. గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. "నేను పోయినంక వీనికి ఎవ్వలు అని అందరు అడుగుతరు. అది గాదు బిడ్డా. నేనుండంగనే నాకు చాతనైతలేదు."

ఆ ఇంట్లో వత్సల నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. తీర్థానికి వెళ్ళినా, జ్వరమొచ్చినా, అత్తగారి కర్మ రోజున కూడా ఆమె చాతకాదనలేదు. పక్క గదిలో టీవీ మోగుతూనే ఉంది గానీ మయూర్ ముఖం వంటింటి వైపు తిరిగి ఉంది. ఇద్దరూ అది గమనించలేదు.

"సరే. పోను," అంది సాయలి.

వత్సల తలూపింది. ఇన్నాళ్ళు కోరుకున్నది చేతికొచ్చినా ఆమెకు గెలిచినట్టు అనిపించలేదు. ఊరికే ఏడుపొచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు సాయలి చున్నీ నడుముకు బిగించి పనిలోకి దిగింది. మోకాళ్ళు వంచి, తమ్ముడిని తన ఒంటికి ఆనించుకుని, నేర్చుకున్న పద్ధతిలో లేపింది. వత్సల పక్కన నిలబడి, ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా బాగానే లేపిందనుకుంది. స్నానాల గదిలో చొక్కా తీసే వరకు అంతా సాఫీగా జరిగింది. లుంగీ దగ్గరికి వచ్చేసరికి మయూర్ వేళ్ళు ముడుచుకుని బట్టను పట్టేశాయి. ఒళ్ళంతా కర్రలా బిగుసుకుంది.

"రోజు గంతే, మొండోడు. వేళ్ళు ఒక్కొక్కటి విప్పదీయి, ఇడుస్తడు," అంది వత్సల.

సాయలి ఒక వేలు విప్పదీసింది. రెండోది విప్పబోయి ఆగిపోయింది. జర్మనీలో ఆ ఇంట్లో చేరిన రోజే వాళ్ళకు నేర్పిన మొదటి పాఠం ఇది. ఎవరి ఒళ్ళయినా బిగుసుకుంటే చేతులు తీసేయాలి, ఏమైందని అడగాలి, జవాబు వచ్చే వరకు ఆగాలి. అక్కడ ముక్కూముఖం తెలియని ముసలాయన్ని కూడా ఆమె అడగకుండా ముట్టుకోలేదు. ఇక్కడ తమ్ముడే కదా అని అడగడమే మరిచిపోయింది. వచ్చినప్పటి నుంచీ మోకాళ్ళ గురించి ఉపన్యాసాలిచ్చింది గానీ వాణ్ని మాత్రం ఒక్క మాట అడగలేదు.

చేతులు తీసేసి, తడి నేల మీదే అతని ముఖానికి ఎదురుగా కూర్చుంది. "ఏమైంది రా, చెప్పు. ఎంతసేపైనా మంచిదే, ఆగుత."

నీళ్ళు చల్లారిపోతున్నాయని వత్సల వెనక నుంచి గొణిగింది. సాయలి చేత్తోనే ఆగమంది. మయూర్ మెడ పక్కకు లాగింది, దవడ వణికింది, గొంతులో మాట వస్తూ వస్తూ వెనక్కి పోయింది. మళ్ళీ ప్రయత్నించాడు.

"సి... గ్గు."

"నా తోని సిగ్గేంది రా, నేను నిన్ను కన్న..." వత్సల మాట అక్కడే ఆగిపోయింది. కొడుకు ఛాతీ మీద వెంట్రుకలు చూసింది. పైపెదవి మీద మీసం చూసింది. ప్రతి ఆదివారం ఆ గడ్డం గీసేది తనే. గీసిన చేతులకు తెలిసింది మనసుకు ఎందుకు తెలియలేదో ఆమెకు అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా పొద్దున్నే ఈ పిల్లవాడు వేళ్ళు బిగించి చెబుతున్నది ఇదా అనుకుంటూ ఆ వేళ్ళ వైపే చూసింది.

అక్కడ మగవాళ్ళకు స్నానాలు జార్జియా కుర్రవాళ్ళే చేయిస్తారని, వాళ్ళు కోరుకుంటే తప్ప ఆడపిల్లలు వెళ్ళరని సాయలి తల్లికి మెల్లగా చెప్పింది. తర్వాత తమ్ముణ్ని అడిగింది. "మరి నీకు ఎవ్వలు నీళ్ళు పోయాలె?"

ఈసారి జవాబు తొందరగానే వచ్చింది. "బా... పు."

తండ్రి ఎలా వస్తాడు అనుకుంది వత్సల. పొద్దున స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టి, కిందికి దిగిన మనిషి దుకాణంలో బోణీ అయ్యే వరకు మయూర్ గదిలో అడుగు పెట్టడు. మైల తగిలితే లక్ష్మి నిలవదని అత్తగారు పెట్టిన నియమం. అత్తగారు పోయినా నియమం పోలేదు. దాన్ని కాపాడింది ఎవరో వత్సలకు ఇప్పుడే గుర్తొచ్చింది.

మయూర్ బడి వయసులో ఉన్నప్పుడు రామచందర్ ఒక పొద్దున పంచె పైకి కట్టి, నేను లేపుతానంటూ వచ్చాడు. గుమ్మంలో అడ్డం నిలబడి, బోణీ కాలేదు, నువ్వు పో అంది ఆమె. ఇంటికి అన్నం పెట్టే దుకాణం, కీడు జరిగితే పిల్లలేమవుతారని భయం. మరోసారి వచ్చాడు, మళ్ళీ పంపింది. తర్వాత ఆయన రావడం మానేశాడు. తలుపు తనే వేసి, తలుపు అవతల ఎవరూ లేరని ఇన్నేళ్ళు ఏడ్చింది.

తడిసిన చీర కుచ్చిళ్ళతోనే ఆమె మెట్లు దిగింది. రామచందర్ అగరొత్తులు వెలిగించి, మొదటి గిరాకీ కోసం వీధి వైపు చూస్తున్నాడు.

"జర మీదికి రా. మయూర్‌కు నీళ్ళు పోద్దువు."

"బోణీ కాలే గద," అన్నాడు ఆయన, ఆమె నేర్పిన మాటే ఆమెకు అప్పజెబుతూ.

"కాకపోనీ. వాడు నిన్ను పిలుస్తున్నడు."

"నన్నా?" అన్నాడు రామచందర్. అగరొత్తులను ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. వాటిని గుచ్చి, షట్టర్ సగం దించి ఆమె వెనకే వచ్చాడు. మెట్ల మీద ఒకచోట ఆగాడు.

"నువ్వు వద్దంటివి. నిజం చెప్తే, నాకు గూడ గదే అల్కగ, సులువుగ అనిపించింది వత్సలా. నేను పోయి గల్లా మీద కూసున్న."

వత్సల దగ్గర కోపం కూడా మిగల్లేదు. ఇద్దరూ మిగతా మెట్లు ఎక్కారు.

స్నానాల గది తలుపు దగ్గరగా వేసి, తల్లీకూతుళ్ళు బయట కూర్చున్నారు. అడగకుండా ముట్టుకోవద్దని సాయలి తండ్రికి బయటి నుంచే చెప్పింది. తర్వాత రామచందర్ గొంతు, గిరాకీతో ఎప్పుడూ మాట్లాడనంత మెత్తగా వినిపించింది.

"లుంగీ తియ్యనా, బిడ్డా?"

ఆయన ఆగాడు. తొందరపెట్టలేదు. "ఊఁ" అని మయూర్ అన్నాడు. మగ్గు బకెట్‌కు తగిలింది, నీళ్ళు పడ్డాయి. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయేమో మయూర్ గట్టిగా అరిచాడు, ఆ వెంటనే నవ్వాడు. ఆ నవ్వు వింటూ వింటూ వత్సల ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. సాయలి ఆమె భుజం మీద తల ఆనించి, తను కూడా వాణ్ని అడగలేదని, అక్కడ నేర్చుకున్నదంతా అక్కడే వదిలేసి వచ్చానని చెప్పింది.

"గా సీటు వద్దని చెప్పినవా?" అని అడిగింది వత్సల ముక్కు తుడుచుకుని.

"ఇంక చెప్పలే."

"చెప్పకు. పో. సదువుకో." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నాకు బుగులే ఉన్నది. పొద్దుగాల మీ బాపు చూస్తడు, మధ్యాహ్నం, రాత్రి నేనే గద. అలుపు పోతదని నేను అనుకుంటలేను. అయినా నువ్వు పో. ఏదన్న సమజ్ గాకపోతె ఫోన్ జేస్త."

సాయలి తల్లి చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. సబ్బుకు, సోడాకు పగిలిన చేయి. దాన్ని పట్టుకుని ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. కింద ఎవరో గిరాకీ సేఠ్, సేఠ్ అని పిలిచి వెళ్ళిపోయాడు. వత్సల లేవలేదు.

లోపల ఏదో దబ్బున పడింది. రామచందర్ కంగారుగా పిలిచాడు.

"వత్సలా, సబ్బు వద్దంటున్నడో, తలకు నీళ్ళు వద్దంటున్నడో ఎర్కైతలేదు. ఇప్పుడేం జెయ్యాలె?"

అలవాటు కొద్దీ లేవబోయిన వత్సల మళ్ళీ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుంది.

"నన్నడుగుతవేంది," అంది. "వాణ్ని అడుగు."